పద్నాలుగో మంచం తలవైపు

పది గంటలకు రౌండు. తొమ్మిదీ ముప్పావుకే వార్డులో తల్లులందరూ పిల్లల జుట్టు చెదరగొట్టడం మొదలుపెట్టారు.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. రెండో రోజుకల్లా అర్థమైపోతుంది. పిల్లల వార్డులో మంచాలు నలభై, పిల్లలు ఎనభై ఆరుగురు. రోజూ కింది నుంచి పదీ పన్నెండుమంది కొత్తవాళ్ళు పైకి వస్తారు కాబట్టి రోజూ పదీ పన్నెండుమంది ఇంటికి పోవాలి. ఎవరు పోవాలన్నది రౌండులో తేలుతుంది. ఒక్కో మంచం దగ్గర డాక్టరుకు నిమిషం కంటే ఎక్కువ చిక్కదు. ఆ నిమిషంలో తేటగా కనిపించిన పిల్ల ఇంటికి, వాడిపోయి కనిపించిన పిల్ల మంచం మీద. అందుకని రౌండు అయ్యేదాకా ఎవరూ పిల్లలకు మొహం కడగరు, తల దువ్వరు, ఆకలన్నా పాలు పట్టరు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. వెళ్ళిపోయే తల్లి వచ్చే తల్లికి చెప్పిపోతుంది, మరుగుదొడ్డి ఏ వైపో చెప్పినట్టు.

పద్నాలుగో మంచం తలవైపు ఆవిడ కూతురి జడ విప్పి, జుట్టు మొహం మీదికి లాగింది.

"నవ్వకు. ఆయన ఏ బొమ్మ చూపించినా సరే నవ్వకు."

"దగ్గు రాకపోతేనో?"

"రాకపోతే తెప్పించుకో."

"నిన్న తెప్పించుకుంటే నిజం దగ్గు వచ్చేసిందమ్మా. ఆగలేదు."

నిజం దగ్గు వచ్చిందంటే లోపల నెమ్ము ఇంకా ఉన్నట్టే. ఉన్నట్టయితే మంచిదే, మంచం ఉంటుంది. ఛీ, అదేం మంచి? ఆమె తన ఆలోచన నోరు తానే మూసింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమెకు కీడెంచడం వరకే వచ్చు, మేలు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

ఒక్కో మంచానికి ఇద్దరు. ఒక పిల్ల తల పైకి, ఇంకో పిల్ల తల కిందికి. మిగిలినవాళ్ళు మంచాల మధ్య చాపల మీద. పేర్లు అడిగే తీరిక ఎవరికీ లేదు కాబట్టి తల్లులకు కూడా అవే పేర్లు పడ్డాయి: ఆరు తలవైపు, ఇరవై కాళ్ళవైపు, తొమ్మిది చాప. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఈమెను పద్నాలుగు తలవైపు అంటారు. తలవైపు దక్కడం అదృష్టమని అందరూ అన్నారు. కిటికీ అటే ఉంది. కిటికీ ఉంటే చల్లగాలి, చల్లగాలికి మళ్ళీ నెమ్ము, అనుకుని ఆమె మొదటి రోజే అట్ట ముక్క అడ్డం పెట్టింది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. పోయిన నెల ఇదే వార్డులో ఐదో రోజున కూతురు నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్ల, డాక్టరు ఏదో అంటే పకపకా నవ్వింది. "బాగుంది కదా, ఇంటికి తీసుకెళ్ళమ్మా" అన్నాడాయన. ఇంటికెళ్ళిన మూడో రోజున జ్వరం తిరగబెట్టింది. ఈసారి కింద అత్యవసర విభాగంలో చూసిన పెద్ద డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది: "పది రోజులు ఇంజక్షన్లు పూర్తిగా పడాలి. మధ్యలో ఆపితే ఎడమ ఊపిరితిత్తి ఇక పనికి రాదు." పనికి రాదు అన్న మాట ఆమెకు రోజుకు వందసార్లు వినపడుతుంది. కాలరు వంకర పోతే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కూడా అదే మాట అని దాన్ని బుట్టలో పడేస్తాడు.

ఇవాళ ఆరో రోజు. ఇంకా నాలుగు.

కాళ్ళవైపు ఉన్నది సీసాలు కడిగే షెడ్డులో పనిచేసే మనిషి. చేతివేళ్ళ చివరలు తెల్లగా నాని, ముడతలు పడి ఉంటాయి. ఆమె కూతురు చిట్టికి నాలుగేళ్ళు. నాలుగు రోజులుగా జ్వరం వస్తోంది, పోతోంది, ఎందుకో తేలలేదు. వార్డుకు వచ్చిన రోజునే ఆ తల్లి "అక్కా" అని వరస కలిపేసింది. ఇద్దరూ వంతులేసుకుని మంచం కింద కునుకు తీస్తారు. ఒకరు నీళ్ళకెళ్తే ఒకరు ఇద్దరు పిల్లల్నీ చూస్తారు.

అయినా తలవైపు ఆవిడకు ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. గేటు కాపలావాడు మొదటి రోజే చెవిలో వేశాడు: "వంతెన అవతలి నుంచి వచ్చి పడుతున్నారమ్మా జనం. ఉన్న నలభై మంచాలూ వాళ్ళకే చాలవు. మనవాళ్ళకేం మిగులుతాయి?" సీసాలావిడది వంతెన అవతలే. ఈ ఊరికి వచ్చి ఏడాది. తాను వచ్చింది మాత్రం పన్నెండేళ్ళ కిందట. పన్నెండేళ్ళంటే తక్కువా, అనుకుంది తలవైపు ఆవిడ. వరండాలో గోడ మీద పెద్ద బొమ్మ ఒకటుంది: ఇద్దరు పిల్లలు, చెరొక మంచం, చెరొక దిండు, ఇద్దరూ నవ్వుతున్నారు. కింద 'జనం తగ్గితే సుఖం పెరుగుతుంది' అని రాసి ఉంది. ఆమె అది చదివినప్పుడల్లా తనకున్నది ఒక్కతే కదా అనుకుంటుంది. మరి ఎక్కువైనవాళ్ళెవరు? తాను కాదు. అయితే పక్కవాళ్ళే అయ్యుండాలి.

తొమ్మిదీ యాభైకి కింద లాబు కిటికీ నుంచి పిలుపు వచ్చింది, చిట్టి రక్తపరీక్ష కాగితం తీసుకెళ్ళమని.

"అక్కా, చిట్టిని కాస్త చూస్తావా? రౌండులోపే వచ్చేస్తా. ఆ కాగితం ఆయనకు చూపిస్తే ఏదో ఒకటి తేలుస్తాడు."

"వెళ్ళు, వెళ్ళు. నేను లేనూ?"

ఆమె అటు వెళ్ళిందో లేదో ఆయమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఈ వార్డు తుడుస్తున్న మనిషి. పిల్లల డాక్టర్లను నిక్కర్ల నాటి నుంచి ఎరిగున్నట్టు మాట్లాడుతుంది. తడిగుడ్డ మంచం కోడుకు ఆరేస్తూ గొంతు తగ్గించింది.

"ఇవాళ పదో పన్నెండో కాదే అమ్మాయ్, ఇరవై మంది. ఎల్లుండి ఎవరో పెద్దలు చూడ్డానికొస్తున్నారంట. చాపలు కనపడకూడదంట."

"ఇరవయ్యా?"

"రెండు మంచాలకి ఒకరు. పదమూడో మంచంలో ఇద్దరికీ గొట్టాలున్నాయి, వాళ్ళని కదపలేరు. ఇక నువ్వే లెక్కేసుకో."

లెక్క వెయ్యడానికి ఏముంది. పదమూడులో ఎవరూ పోరు. పద్నాలుగులో ఒకరు పోవాలి.

ఆమె కూతురి వంక చూసింది. పాడుపిల్ల, ఇవాళే బుగ్గలు కాస్త ఎర్రబడ్డాయి. చిట్టి వంక చూసింది. మొహాన జిడ్డు, కళ్ళలో పుసి, జుట్టు పిచ్చుకగూడు. ఎవరు చూసినా ఈ పిల్లను కదపకూడదనే అంటారు.

చిట్టి తల గోక్కుంటూ లేచి కూర్చుంది. "పెద్దమ్మా, దురద."

తలవైపు ఆవిడ దువ్వెన తీసింది. మొదటిసారి దువ్వెన ఆడించింది దురద కోసమే. రెండోసారి ఆడించేటప్పటికి తానేం చేస్తున్నదో ఆమెకు తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. పాయలు తీసింది, చిక్కులు విడదీసింది, నొప్పి పుట్టకుండా కుదుళ్ళ దగ్గర వేళ్ళతో పట్టి మరీ దువ్వింది. రెండు జడలు వేసింది. కూతురి సంచిలోంచి ఎర్ర రిబ్బను తీసి రెండుగా చింపి కట్టింది. ఆయమ్మ ఆరేసిన తడిగుడ్డతో మొహం తుడిచింది. గ్లాసులో అడుగున మిగిలిన పాలు పట్టింది. పిల్ల గటగటా తాగి పెదాల మీద తెల్ల మీసంతో నవ్వింది.

"అమ్మా," అంది కూతురు మెల్లగా, "రౌండింకా అవలేదు."

"నోరు ముయ్యి."

కూతురు గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరు వచ్చాడు. కుర్రవాడే, కళ్ళ కింద మాత్రం నల్లటి వలయాలు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఆయన సిస్టరుతో అంటున్నాడు. పద్నాలుగు దగ్గర ఆగి, ఆ ఉదయం మొదటిసారిగా ఆయన మొహం విచ్చుకుంది.

"ఎవరండీ ఈ పెళ్ళికూతురు?"

చిట్టి కిలకిలా నవ్వింది.

"జ్వరం?"

"పొద్దున లేదు సార్," అంది సిస్టరు. "రాత్రి ఉంది."

"రిపోర్టు?"

"వాళ్ళమ్మ కిందికెళ్ళింది సార్."

"మందులు రాయండి, ఇంటికి. రిపోర్టు రేపు ఓపీలో చూస్తాను." తలవైపు తిరిగాడు. జుట్టు మొహం మీద పడ్డ పిల్ల, గోడకు తిరిగి ఉన్న వీపు. "ఇది ఆరో రోజా? ఉండనివ్వండి."

అంతే.

సీసాలావిడ వచ్చేసరికి డాక్టరు వార్డు దాటి వెళ్ళిపోయాడు. చేతిలో పరీక్ష కాగితం. కూతుర్ని చూసింది. జడలు చూసింది. రిబ్బను చూసింది. సిస్టరు దగ్గరికెళ్ళి కాగితం చూపించబోయింది.

"నాకెందుకమ్మా? డాక్టరుగారికి చూపించాలి. ఆయన పక్క బిల్డింగుకెళ్ళారు. రేపు ఓపీకి రా. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఇందులో ఏం రాసుందండీ?"

సిస్టరు గడగడా చదివింది: "రోగికి నయమైనందున, బంధువుల కోరికపై, వారి ఇష్టపూర్వకంగా ఇంటికి తీసుకుపోతున్నారు."

"నేను కోరలేదు కదండీ."

"అందరికీ అదే కాగితం. వెయ్యమ్మా, వెనక ఇంకా పదిహేనుమంది ఉన్నారు."

నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేలు. ముద్ర సరిగ్గా పడలేదు. రెండోసారి వేయించారు. చిట్టిని భుజాన వేసుకుని వెళ్తూ వెళ్తూ ఆమె పద్నాలుగు దగ్గర ఆగింది.

"రిబ్బను నీ పిల్లదేగా. ఇచ్చెయ్యనా?"

"ఉండనీలే," అంది తలవైపు ఆవిడ, మొహం ఎత్తకుండా.

మంచమంతా వాళ్ళదే అయింది. కూతురు కాళ్ళు బార్లా చాపింది, మళ్ళీ ఏదో తగులుతుందన్నట్టు ముడుచుకుంది. అలా పావుగంట. ఆ పావుగంటలో తల్లి దుప్పటి సర్దింది, కాళ్ళవైపు కూడా సర్దింది, ఈ రాత్రికి తానూ ఒక పక్కగా నడుం వాల్చవచ్చేమో అనుకుంది. పదకొండూ ఐదుకు ఆయమ్మ ఏడేళ్ళ పిల్లను ఎత్తుకొచ్చి కాళ్ళవైపు పడుకోబెట్టింది. పిల్లకు ఒంటి మీద తెలివి లేదు. వెనక తల్లి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి.

పంపింది ఇరవై మందిని. మధ్యాహ్నానికి వచ్చింది ఇరవై ముగ్గురు. చాపలు మళ్ళీ పరిచారు.

"ఒకామెను పంపితే చోటు మిగులుతుందనుకున్నావా?" అంది ఆయమ్మ. తిట్టినట్టు కాదు, వాన పడుతుంది అన్నట్టు. "చెంబుతో సముద్రం తోడటమే. పద, ఈ పిల్లకు సెలైను స్టాండు కావాలి. ఒక్కదాన్ని మొయ్యలేను. మోకాళ్ళు నావి, మెట్లు ప్రభుత్వానివి."

తలవైపు ఆవిడ కూతుర్ని పక్క మంచం ఆవిడకు అప్పజెప్పి వెంట నడిచింది. స్టాండు కోసం స్టోరుకు వెళ్తామనుకుంటే ఆయమ్మ మెట్లెక్కింది. పై అంతస్తులో పెద్ద తలుపు, గొలుసు, తాళం. తాళంచెవి ఆయమ్మ బొడ్లోంచి వచ్చింది.

లోపల మంచాలు.

వరసలు వరసలుగా, గోడ నుంచి గోడ దాకా. పరుపుల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. దుమ్ము పేరుకుని కవర్లు బూడిదరంగుకు తిరిగాయి. ప్రతి మంచం పక్కా ఒక స్టాండు. ప్రతి మంచం తలదగ్గర గోడలో ఆక్సిజన్ గొట్టం మూతి, దాని మీద కాగితం సీలు. కిటికీలకు కూడా మంచి అద్దాలు.

ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఎన్ని, ఆయమ్మా?"

"అరవై."

"ఎవరికోసం?"

"పిల్లలకే. ఆరేళ్ళయింది కట్టి. రిబ్బను కత్తిరించారు, ఫొటో దిగారు, తాళం వేశారు."

"ఎందుకు?"

"మనుషుల్లేక."

తలవైపు ఆవిడకు అర్థం కాలేదు. "మనుషుల్లేకపోవడమేంటి? కింద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకుంటున్నాం కదా?"

"ఆ మనుషులు కాదే, జీతం ఇవ్వాల్సిన మనుషులు. డాక్టర్లు, సిస్టర్లు, నాలాంటి ఆయాలు. మంచాలకు ఒక్కసారి డబ్బిస్తే సరిపోతుంది. మనిషికి నెలనెలా ఇవ్వాలి కదా. నా కూతురు సిస్టరు చదువు చదివి మందులషాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అట్లాంటివాళ్ళు ఊరంతా ఉన్నారు." ఒక స్టాండు పట్టి లాగింది. "పట్టుకో. ఇక్కడి నుంచి తీసినట్టు ఎవరికీ చెప్పకు. ఇవి లెక్కలో లేవు."

స్టాండు ఒక కొస పట్టుకుని ఆమె మెట్లు దిగింది. మూడు పగళ్ళూ మూడు రాత్రుళ్ళూ సీసాలావిడ మంచం కింద సిమెంటు గచ్చు మీద పడుకుంది. దాని మీద మంచం, మంచం మీద ఇద్దరు పిల్లలు, ఆ పైన కప్పు. కప్పు మీద ఈ అరవై పరుపులు.

సాయంత్రం ఐదు గంటలకు ఆస్పత్రి రొట్టె పంచుతూ ఆయమ్మ తనంతట తానే అంది: "నీ పక్కావిడ ఊరికెళ్ళలేదు. కింద చీటీల కిటికీ దగ్గర పడుంది."

ఆమె తన రొట్టె తినలేదు. పట్టుకుని కిందికి వెళ్ళింది. మంచం వదిలి అంతదూరం వెళ్ళడం ఈ ఆరు రోజుల్లో ఇదే మొదలు. మెట్టు మెట్టుకూ, ఈలోపు కూతురికి ఏమైనా అయితేనో, ఎవరైనా తన సగంలో ఇంకో పిల్లను పడుకోబెడితేనో, అనుకుంటూనే దిగింది.

వరండాలో జనం. కాళ్ళు పెట్టడానికి సందు వెతుక్కోవాలి. సీసాలావిడ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో చిట్టి, మొహం కందగడ్డలా ఉంది. జడలు చెదరలేదు.

"ఇంటికెళ్ళలేదా?"

"గేటు దాటకముందే ఒళ్ళు కాలిపోయింది అక్కా. మళ్ళీ లోపలికి వెళ్దామంటే, నీ ఇష్టంతో తీసుకుపోయావుగా, ఇప్పుడిది కొత్త కేసు, కొత్త చీటీ రాయించుకో అన్నారు. చీటీలు మధ్యాహ్నమే అయిపోయాయి. పొద్దున ఏడింటికి తెరుస్తారంట."

"అత్యవసరంలో?"

"చూశారు. ఒక మాత్ర ఇచ్చారు. మంచం లేదన్నారు."

"రిపోర్టులో ఏముంది?"

"ఏమో. రెండు చోట్ల ఎర్రగీత గీసుంది. ఎర్రగీతంటే మంచిదా, చెడ్డదా?"

తలవైపు ఆవిడ చదివింది ఏడో తరగతి. కాగితం చూసింది. ఎర్రగీత మంచిది కాదని తెలియడానికి ఆ మాత్రం చదువు కూడా అక్కర్లేదు. "తెలీదు," అంది. రొట్టె ఇచ్చింది. ఇచ్చి, కూర్చోలేక, నిలబడలేక, గోడ పట్టుకుంది.

"చిట్టికి తల నేనే దువ్వాను."

"తెలుసు."

"దురదంది. తర్వాత కావాలనే దువ్వాను."

"తెలుసక్కా. రౌండుకు ముందు తల దువ్వే పిచ్చితల్లి ఆ వార్డులో ఎవరుంది?" రొట్టె తుంచి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరవలేదు. "చాలా బాగా దువ్వావు. నేనెప్పుడూ అంత ఓపిగ్గా దువ్వలేదు."

"తిట్టవే, నాలుగు తిట్టు."

"ఏమని తిట్టను? నీ పిల్లకి నవ్వు ఇట్టే వస్తుంది కదా. రేపు రౌండు టైముకి కితకితలు పెడదామనుకున్నా. రాత్రంతా అదే ఆలోచించా. నువ్వు ఒకరోజు ముందు లేచావు, అంతే."

తలవైపు ఆవిడకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. అప్పుడు పైన తాను చూసినదంతా చెప్పింది. తాళం, కవర్లు, అరవై.

సీసాలావిడ నమ్మలేదు. "మంచాలా? ఖాళీగా?"

"ఖాళీగా."

ఆమె కూతురి అరికాళ్ళు రుద్దింది. తర్వాత తల ఎత్తి, ఎవరినీ అడగనట్టుగా అడిగింది: "మరయితే మనిద్దరం రాత్రంతా ఒకళ్ళ పిల్లనొకళ్ళం ఆ చూపు ఎందుకు చూసుకున్నాం అక్కా?"

తలవైపు ఆవిడ మందులవేళ అయిందని పైకి వచ్చేసింది.

తెల్లవారి ఏడింటికి కిందికి పరిగెత్తింది. చీటీల వరస గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. సీసాలావిడ కూర్చున్న చోట వేరే ఎవరో కూర్చున్నారు. వరసంతా వెతికింది. కాపలావాణ్ణి అడిగింది.

"ఎర్ర రిబ్బన్ల పిల్లా? తెల్లారుజామున ఆ తల్లి పిల్లను భుజానేసుకుని ఎటో పరిగెత్తింది. లోపలికో బయటికో చూళ్ళేదు. రోజుకు వెయ్యిమంది, ఎవర్నని చూడనమ్మా? చెప్పానుగా, వచ్చి పడుతున్నారని."

అత్యవసరం తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. కనపడలేదు. లోపలికి వెళ్ళి అడుగుదామంటే ఏ పేరని అడగాలో తెలియలేదు. చిట్టి అంటే ఇంట్లో పిలిచే పేరు. నాలుగు రోజులు ఒకే మంచం మీద కాపురం చేసి ఆ తల్లి పేరు కూడా అడగలేదు.

వెతికి వెతికి పైకి వచ్చేసరికి పది దాటింది, రౌండు పన్నెండో మంచం దాకా వచ్చేసింది.

డాక్టరు పద్నాలుగు దగ్గరికి వచ్చాడు. కాళ్ళవైపు పిల్లకు ఇంకా తెలివి రాలేదు. ఆ పిల్ల కనురెప్ప ఎత్తి చూశాడు, గుండె విన్నాడు, నిమిషం కంటే చాలా ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత తలవైపు చూశాడు. కూతురు లేచి కూర్చుని ఆయననే చూస్తోంది. దగ్గలేదు, నవ్వలేదు.

"ఏడో రోజు. జ్వరం లేదు. ఇంటికి."

"అయ్యా, పది రోజులన్నారు. ఇంకా మూడున్నాయి."

"మిగతావి బయట వేయించుకోవచ్చమ్మా. రాసిస్తాను."

ఆమె బయట ధర కనుక్కునే ఉంది. ఒక్క రోజు ఇంజక్షన్లకు ఆమె వారం రోజుల కూలి. అంటే మూడు వారాలు కుట్టిన కాలర్లు. "పోయినసారి మధ్యలో పంపితే మళ్ళీ తిరగబెట్టిందండీ. ఈసారి ఆగితే ఊపిరితిత్తి పనికి రాదని డాక్టరమ్మే చెప్పింది."

"నిజమే చెప్పింది. నేను కాదనను." ఆయన గొంతులో కోపం లేదు. "ఈ పిల్లను చూడు. దీని కాళ్ళు నీ కూతురి కాళ్ళకు తగిలి సూది ఊడిపోతోంది. దీనికి మంచం మొత్తం కావాలి. ఏం చెయ్యమంటావు చెప్పు? జనం ఎక్కువమ్మా. ఎంత పెట్టినా చాలదు."

సిస్టరు కాగితం, పెన్ను మంచం మీద పెట్టింది. పోయిన నెల ఆమె అదే కాగితం మీద గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది, చదవకుండానే. ఈసారి చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"నాకు ఇష్టమని రాసుందండీ."

"ఫారం అంతేనమ్మా."

"నేను కోరలేదు. కోరానని ఎట్లా పెట్టను?" కాగితాన్ని సిస్టరు వైపు తోసింది. "మంచం లేక పంపుతున్నామని రాయండి. పై అంతస్తుకు తాళం వేసి ఉందని రాయండి. దాని కింద పెడతాను."

ఆయమ్మ చీపురు ఆగింది.

"పైన సంగతి నీకెవరు చెప్పారు?" అన్నాడు డాక్టరు.

"ఎవరూ చెప్పలేదు. మెట్లెక్కాను, కనపడింది."

చీపురు మళ్ళీ కదిలింది.

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "పైన మంచాలుంటే చాలదమ్మా. సూది వేసేవాళ్ళు కావాలి. మనుషుల్ని ఇమ్మని ఎన్ని కాగితాలు రాశానో సిస్టరును అడుగు. నేనొక్కణ్ణే ఉన్నాను. నువ్వు చెప్పినట్టు ఫారం మీద రాస్తే నేనూ ఉండను."

"అయితే రాయకండి. నేనూ పెట్టను."

"సంతకం లేకపోయినా పేరు కొట్టేస్తారు. తెలుసా?"

తెలుసు. అంతకంటే చెడ్డవి కూడా ఆమెకు అప్పటికే తోచాయి. మళ్ళీ ఈ గేట్లోకి రానివ్వరు. పిల్లకు రేపు జ్వరమొస్తే గుర్తుపట్టి తరిమేస్తారు. తాళమేసిన చోటికి వెళ్ళినందుకు పోలీసులొస్తారు. ఆయమ్మ ఉద్యోగం పోతుంది. ఎడమ ఊపిరితిత్తి. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆమె మాత్రం పెన్ను ముట్టుకోలేదు.

డాక్టరు పదిహేనో మంచానికి వెళ్ళిపోయాడు. అక్కడి తల్లి, పిల్లను ఒళ్ళోకి లాక్కుని కాగితం వంక చూసింది, పద్నాలుగు వంక చూసింది, మళ్ళీ కాగితం వంక చూసింది. సిస్టరు ఆమె చేతిలో పెన్ను పెట్టింది. ఆమె సంతకం చేసింది.

గొంతుపోయిన కాళ్ళవైపు తల్లి మొదటిసారి మాట్లాడింది, గుసగుసగా. "నీ పిల్ల ఉంటే నా పిల్ల పోతుంది."

"తెలుసు," అంది తలవైపు ఆవిడ. "నీ పిల్లకి మంచమంతా కావాలి. అడుగు. నన్ను కాదు."

ఆ తల్లి ఎవర్ని అడగాలో తెలియక చుట్టూ చూసింది.

పదకొండు గంటలకు ఇంజక్షన్ల ట్రే బయల్దేరింది. సిస్టరు చేతిలో పేర్ల పట్టీ. ఒకటో మంచం, రెండో మంచం. కొన్ని పేర్ల మీద గీతలు కొట్టి ఉన్నాయి. ఏ పేర్ల మీదో అంతదూరం నుంచి కనపడదు. పది. పదకొండు. గీత కొట్టిన పేరు వస్తే సిస్టరు ఆగకుండా, తల ఎత్తకుండా నడుస్తోంది.

పన్నెండో మంచం దాటింది. పదమూడు దగ్గర ట్రే దించి, సీసా మూత విప్పింది.

తలవైపు ఆవిడ కూతురి చేతికి చుట్టిన గుడ్డ విప్పింది. సూది గొట్టం చుట్టూ ఎర్రగా కమిలి ఉంది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. తల్లి ఆ చేతిని మంచం అంచు దాకా చాపి, మణికట్టు దగ్గర పట్టుకుని, అలాగే ఉంచింది.